చల్లటి నీళ్ళలో పది రోజులు: నాన్నతో గలాపగోస్

ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. హ్యూస్టన్‌లో ఎండ మండిపోతోంది. గరాజ్‌లో వెట్‌సూట్లు, చలినీళ్ళలో ఈదడానికి వేసుకునే రబ్బరు సూట్లు, వేలాడుతున్నాయి. మరిచిపోకముందే అన్నీ రాసేయాలని కూర్చున్నాను.

బయలుదేరే ముందు

మాది విశాఖపట్నం. నాన్న షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. నాకు ఈత నేర్పింది ఆయనే, భీమిలిలో, నా ఏడో ఏట. ఈ వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చారు. "ఎక్కడికైనా తీసుకెళ్తాను, మీరే చెప్పండి నాన్నా" అంటే ఆయన నయాగరా అనలేదు, లాస్ వేగస్ అనలేదు. "చేపల్ని నీళ్ళ లోపల చూడాలని ఉందమ్మా. అరవై ఎనిమిదేళ్ళుగా పైనుంచే చూస్తున్నాను" అన్నారు.

అలా గలాపగోస్ అనుకున్నాం. ఈక్వడార్ తీరానికి దాదాపు 1000 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ మధ్యలో, సరిగ్గా భూమధ్యరేఖ మీద ఉన్న దీవులు. తేలనిదల్లా ఏ నెలలో వెళ్ళాలన్నదే. జనవరి నుంచి మే దాకా అక్కడ నీళ్ళు వెచ్చగా, 24 నుంచి 27 డిగ్రీల దాకా ఉంటాయి. జూన్ నుంచి నవంబరు దాకా 18, 22 మధ్యకు దిగిపోతాయి. మన విశాఖ సముద్రం చలికాలంలో కూడా 25 దగ్గరే ఉంటుంది. తెలిసినవాళ్ళంతా ఒకటే మాట: పెద్దాయన్ని పెట్టుకుని చలినీళ్ళలోకి ఎందుకు, ఏప్రిల్‌లో వెళ్ళండి.

చదివేకొద్దీ నాకు మాత్రం ఇంకోలా అనిపించింది. భూమధ్యరేఖ మీద నీళ్ళు చల్లగా ఉండటమే అక్కడి విశేషం. దక్షిణం నుంచి పెరూ తీరం వెంబడి హంబోల్ట్ ప్రవాహం చల్లటి నీళ్ళు మోసుకొస్తుంది. పడమటి నుంచి సముద్రం లోతుల్లో వచ్చే క్రామ్‌వెల్ ప్రవాహం ఈ దీవుల పునాదులకు కొట్టుకుని పైకి లేస్తుంది. అడుగున ఉన్న పోషకాలన్నీ దానితోపాటే పైకి వస్తాయి. వాటితో నాచు, నాచుతో చేపలు, చేపలతో సీ లయన్లు (సీల్ లాంటి సముద్రజంతువులు), పెంగ్విన్లు. నీళ్ళు వేడెక్కితే ఈ గొలుసు తెగిపోతుంది. 1982-83లో ఎల్ నినో వచ్చి పసిఫిక్ నీళ్ళు వేడెక్కినప్పుడు ఇక్కడి పెంగ్విన్లలో నాలుగింట మూడొంతులు చచ్చిపోయాయి. సముద్రపు ఇగ్వానాలనే పెద్ద బల్లులైతే తిండి లేక పొడవులోనే కుదించుకుపోతాయట, ఎముకలతో సహా. అందుకే చలినీళ్ళకు భయపడి వెచ్చటి నెలలకు జరగడం కంటే, ఆ చలికి సరిగ్గా సిద్ధమై వెళ్ళాలని పట్టుబట్టాను. ఆగస్టు ఖాయం చేశాం.

సిద్ధం కావడం అంటే మూడు పనులు. డాక్టరుకు చూపించి బీపీ, గుండె సరిగ్గా ఉన్నాయని రాయించుకున్నాం. నాన్నకు 5 మిల్లీమీటర్ల మందం ఉన్న వెట్‌సూటు, తలకు హుడ్ కొన్నాం. మూడోది మాస్క్. నెలరోజులు మా కాలనీ పూల్‌లో మాస్క్, స్నార్కెల్ (ఊపిరి తీసుకునే గొట్టం) పెట్టుకుని సాధన చేశాం. ఎంత బిగించినా నాన్న మాస్క్‌లోకి నీళ్ళు వస్తున్నాయి. పట్టీ మార్చాం, సైజు మార్చాం. చివరికి తేలిందేమిటంటే, మీసం. ముక్కు కింద రబ్బరు అంచు చర్మానికి అతుక్కోవాలి, మీసం ఉంటే ఆ సందులోంచి నీళ్ళు కారతాయి. ఆయన అద్దం ముందు చాలాసేపు నిలబడ్డారు. బయటికి వచ్చేసరికి ముక్కు కింద వేలెడు వెడల్పున మీసం పైఅంచు గీసి ఉంది. నలభై ఏళ్ళ మీసం అది. అమ్మ చూసి ఏమీ అనలేదు. ఆ సాయంత్రం శొంఠి, బెల్లం కలిపి ఉండలు చేయడం మొదలుపెట్టింది. పడవలో కడుపు తిప్పకుండా ఉండటానికి.

అమ్మకు నీళ్ళంటే భయం. చెల్లి దగ్గర డల్లాస్‌లో ఉండిపోయింది. మేం నలుగురం బయలుదేరాం: నాన్న, నేను, మావారు, పదమూడేళ్ళ మా అబ్బాయి.

ఆగస్టు 9, బాల్ట్రా నుంచి ప్యూర్తో అయోరా

దీవులకు విమానం ఎక్కకముందే ఈక్వడార్ రాజధాని కీటోలో సామానంతా వెతుకుతారు. గింజలు, పచ్చి కూరలు, పళ్ళు, మట్టి ఏదీ వెళ్ళకూడదు. బయటి విత్తనం ఒక్కటి మొలిచినా ఆ దీవులకు ముప్పే. అమ్మ పెట్టిన పచ్చి అల్లం, నిమ్మకాయలు అక్కడే వదిలేశాం. శొంఠి ఉండల డబ్బా మూత తీసి, వాసన చూసి, నవ్వి ఇచ్చేశారు. దీవులకు వెళ్ళడానికి తలకు 20 డాలర్ల ప్రయాణ కార్డు. దిగాక పార్కు రుసుము తలకు 200 డాలర్లు, 2024 ఆగస్టు దాకా ఇది వందే ఉండేది. నలుగురికీ కలిపి 880 డాలర్లు అక్కడికక్కడే అయిపోయాయి. కానీ దీవుల నేలలో 97 శాతం నేషనల్ పార్కే. దాన్ని కాపాడటానికి ఖర్చవుతుంది, నాకు కష్టం అనిపించలేదు.

విమానం దిగే దీవి బాల్ట్రా అంటే ఎర్రమట్టి, ఎండిన కొమ్మలు, నాగజెముడు. నాన్న కిటికీలోంచి చూసి "అనంతపురంలా ఉందే" అన్నారు. తర్వాత ఒక చిన్న జలసంధి, డాలరిస్తే పడవ దాటిస్తుంది. అవతల శాంటా క్రజ్ దీవి. రోడ్డు కొండపైకి ఎక్కేకొద్దీ మంచుతుంపర మొదలైంది. దాన్ని ఇక్కడ గరూవా అంటారు. వాన అనలేం, పొగమంచు అనలేం, అద్దం మీద తుడిచిన కొద్దీ పడుతూనే ఉంటుంది. అరగంటలో ఎడారి కాస్తా అరకులా పచ్చబడింది, మళ్ళీ కిందికి దిగేసరికి నాగజెముళ్ళు. ఇక్కడి నాగజెముడు పొద కాదు, మాను కట్టిన చెట్టు.

రాత్రి ప్యూర్తో అయోరా ఊళ్ళో కియోస్కోల (తిండికొట్ల) వీధికి వెళ్ళాం. సాయంత్రం కాగానే ఆ వీధిలో బళ్ళు ఆపేసి, రోడ్డు మీదే బల్లలు వేసేస్తారు. ప్రతి హోటలు ముందూ ఆ రోజు చేపలు పరిచి ఉంటాయి. మేం బ్రూహో అనే ఎర్రటి చేప తీసుకున్నాం. బ్రూహో అంటే మంత్రగాడు. ముళ్ళు, పెద్ద నోరు, చూడటానికి భయంగానే ఉంటుంది. నిలువునా వేయించి తెస్తే లోపల మాంసం తెల్లగా, గట్టిగా, తియ్యగా ఉంది. మావారు శాకాహారి. ఆయనకేం దొరుకుతుందో అని నాకు టెన్షన్. కానీ ఇక్కడ అన్నం మీద పప్పు పోసి పెడతారు, మెనెస్ట్రా అంటారు. పక్కన పతకోనెస్, అంటే అరటికాయ ముక్కల్ని ఒకసారి వేయించి, అణిచి, మళ్ళీ వేయించినవి. పప్పులో పోపు ఒక్కటే తక్కువ. పది రోజులూ ఆయన దాని మీదే హాయిగా గడిపేశారు.

ఒక అలవాటు నాకు బాగా నచ్చింది. భోజనాల దగ్గరికి వచ్చేవాళ్ళూ, వెళ్ళేవాళ్ళూ పక్క బల్లల వాళ్ళకు "బ్వేన్ ప్రొవేచో" అంటారు, కమ్మగా తినండి అని. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా. రెండో పూట నుంచి నాన్న కూడా అనడం మొదలుపెట్టారు.

ఆగస్టు 10, లాస్ గ్రియేతాస్

పొద్దున్నే చేపల మార్కెట్. మార్కెట్ అంటే నాలుగు రాతి బల్లలు, రెండు మూడు పడవలు. చేపలు కోసే ఆవిడ కాళ్ళ దగ్గర ఒక సీ లయన్ తల పైకెత్తి నిలబడింది. చుట్టూ గూడబాతులు. ఆవిడ కత్తి ఆపకుండానే మోచేత్తో దాన్ని పక్కకు జరిపి, ఒక పేగు ముక్క పడేసింది. మన ఫిషింగ్ హార్బర్‌లో పిల్లులు, గద్దలు ఉండే చోట ఇక్కడ ఇవి. నాన్న అక్కడ గంటసేపు కదల్లేదు.

తర్వాత వాటర్ టాక్సీలో బే దాటి, లావా రాళ్ళ మీద నడిచి లాస్ గ్రియేతాస్ చేరాం. నేల నిలువునా చీలితే ఆ చీలికలో నిలిచిన నీళ్ళు అవి, రెండు పక్కలా ఎత్తైన రాతిగోడలు. తలకు 10 డాలర్లు. కొండమీది మంచినీరు, సముద్రపు నీరు కలిసి, అడుగు దాకా కనిపించేంత తేటగా ఉన్నాయి.

ఇక్కడే మొదటి పొరపాటు. చిన్న మడుగే కదా అని నాన్న వెట్‌సూటు వద్దన్నారు, నేనూ పట్టుబట్టలేదు. లైఫ్ జాకెట్‌తో దిగి, ఈ చివర నుంచి ఆ చివరికి ఈదారు. తిరిగి వచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి, వేళ్ళు ముడవలేకపోతున్నారు. తువ్వాలు చుట్టి, రాతి మీద ఎండ పడే చోట కూర్చోబెట్టి, చేతులు రుద్దుతూ కూర్చున్నాను. మాట స్పష్టంగా రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నా ప్రాణం నాలో లేదు. అంత చదివి, అంత సిద్ధం చేసి, బ్యాగులో వెట్‌సూటు పెట్టుకుని కూడా ఆయన్ని అలా దింపానే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మోకాలి పైకి దిగాలంటే సూటు ఉండాల్సిందేనని మర్నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదికీ నియమం పెట్టేశాను.

మావారి సూటు అద్దెది, రోజుకు 10 డాలర్లు. భుజాల దగ్గర వదులుగా ఉంది, కొట్టువాళ్ళు అదే సరిపోతుందన్నారు. సరిపోదు. వెట్‌సూటు నీళ్ళను ఆపదు. చర్మానికీ రబ్బరుకూ మధ్య పలచటి పొరలా నీటిని పట్టి ఉంచుతుంది, ఒంటి వేడితో ఆ పొర వెచ్చబడుతుంది. వదులుగా ఉంటే చెయ్యి కదిపిన ప్రతిసారీ వెచ్చబడ్డ నీరు పోయి కొత్త చల్లనీరు వస్తుంది. వేసుకోవడానికి ఆపసోపాలు పడేంత బిగుతుగా ఉంటేనే అది సరైన సైజు. సాయంత్రం ఇంకో కొట్టులో మార్చుకున్నాం.

ఆగస్టు 11, టోర్టుగా బే

దారి తప్పాం. మూడు వీధులు తిరిగి ఒకరి పెరట్లోకి వెళ్ళిపోయాం. బట్టలు ఆరేస్తున్న ఆవిడ కోప్పడలేదు. చేతిలో తడి చొక్కాతోనే వీధి చివరి దాకా వచ్చి దారి చూపించింది. ఇక్కడ కొట్టువాళ్ళనీ పక్కింటివాళ్ళనీ "వెసి" అని పిలుస్తారు, ఇరుగుపొరుగు అన్న మాటకు ముద్దుపేరు. మావాడు ఆవిడకు "గ్రాసియాస్, వెసి" అంటే ఆవిడ మొహం వెలిగిపోయింది.

ఊరి చివర నుంచి రెండున్నర కిలోమీటర్ల రాతిబాట. అది దాటితే తెల్లటి పిండిలాంటి ఇసుక. మొదటి బీచ్‌లో ఈదకూడదు, అలలు లోపలికి లాగేస్తాయి. అది దాటి, మడచెట్ల వెనక ఉన్న రెండో బీచ్‌కి వెళ్ళాలి. ఆ రెంటి మధ్యలో రాళ్ళ మీద ఇగ్వానాలు, ఒకదాని మీద ఒకటి, నల్లగా. నాన్న "ఉడుములు" అన్నారు. ఉండుండి తుమ్ముతున్నాయి. తిండితోపాటు ఒంట్లో చేరిన ఉప్పును ముక్కులోంచి చిమ్మేస్తాయి. తలల మీద ఆ ఉప్పే తెల్లగా పేరుకుని ఉంది. సముద్రంలో ఈది మేత తినే బల్లిజాతి ప్రపంచంలో ఇదొక్కటే.

అవి నీళ్ళలోకి దిగేదాకా రెండు మీటర్ల దూరంలో కూర్చున్నాం. ఆ దూరం ఇక్కడి చట్టం. మధ్యాహ్నం ఎండ కాస్త తగిలాక ఒకటి లేచి, తోకను అటూ ఇటూ కొడుతూ నీళ్ళలోకి వెళ్ళింది. చలినీళ్ళలోకి వెళ్ళేముందు అది కూడా ఒళ్ళు వేడి చేసుకుంటుంది, తిన్నాక మళ్ళీ రాతి మీదికొచ్చి ఎండలో పడుకుంటుంది. ముందురోజు నాన్నకు నేను చేసింది అదే.

ఆగస్టు 12, ఇసబెలా దారి

దీవి నుంచి దీవికి స్పీడ్‌బోటు, రెండు గంటలు, మనిషికి 35 డాలర్లు. ఆగస్టులో సముద్రం గట్టిగా ఉంటుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పడవ అల మీదికెక్కి దబ్బున పడ్డ ప్రతిసారీ వెన్నుపూస కదిలినట్టుంటుంది. నాన్న పడవ వెనక్కి, గాలి తగిలే చోటికి మమ్మల్ని తీసుకెళ్ళి "ఫోన్లు లోపల పెట్టండి, దూరంగా ఆకాశం, నీళ్ళు కలిసే గీత మీద చూపు పెట్టండి" అన్నారు. తలా ఒక శొంఠి ఉండ. మాలో ఎవరికీ వాంతి కాలేదు. పక్కన కూర్చున్న ఒక చిలీ అమ్మాయి తెల్లబడిపోతుంటే నాన్న ఆమెకూ ఒకటిచ్చారు. దిగేటప్పుడు ఆ అమ్మాయి ఇంకోటి అడిగి తీసుకుంది.

ప్యూర్తో విల్లమిల్ ఇసుక వీధుల ఊరు. జెట్టీ పక్కనే కోంచా దె పెర్లా. మడచెట్ల మధ్య చెక్క వంతెన మీద నడిచి వెళ్తే ప్రశాంతమైన చిన్న మడుగు. పైసా ఖర్చు లేదు. వంతెన మీద ఒక సీ లయన్ అడ్డంగా పడుకుని ఉంది. పక్కనుంచి పోదామంటే రెండు మీటర్ల నియమం. స్థానికులు ఇద్దరు అప్పటికే కింద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు, మేమూ కూర్చున్నాం. నలభై నిమిషాలకు అది ఒళ్ళు విరుచుకుని నీళ్ళలోకి జారింది.

ఆ సాయంత్రమే నాన్న మొదటిసారి నీళ్ళ కింద చేపలు చూశారు. తల ముంచి, నా చెయ్యి పట్టుకుని తేలారు. పసుపు తోకల చేపల గుంపు ఒకటి కిందినుంచి వెళ్ళింది. ఆయన చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. తల పైకెత్తి, స్నార్కెల్ తీసి, "ఇవి నన్ను పట్టించుకోవట్లేదమ్మా" అన్నారు. అదే ఆయనకు అన్నిటికంటే ఆశ్చర్యం.

ఆగస్టు 13, లోస్ తూనెలెస్

మనిషికి 130 డాలర్లు. పడవలో ముప్పావుగంట. లావా గొట్టాలు కూలగా మిగిలిన కమానులు, వాటి మధ్య పచ్చటి నీళ్ళు. గైడు చేతి గడియారంలో నీటి వేడి 19 డిగ్రీలు చూపించింది.

నీళ్ళు అద్దంలా ఉంటాయనుకుని రావద్దు. చలికాలంలో నలక నలకగా ఉంటాయి, కొన్నిచోట్ల అయిదారు మీటర్లకు మించి కనిపించదు. ఆ నలకే ఇక్కడి జీవులన్నిటికీ తిండి. మడచెట్టు వేరుకు తోక చుట్టి ఊగుతున్న సముద్రపు గుర్రాన్ని (సీ హార్స్ చేపని) గైడు వేలితో చూపించాడు. అరచేతి పొడుగు, వేరు రంగులోనే ఉంది. ఒక గుహలో తెల్లకొన సొరలు వరుసగా పడుకుని ఉన్నాయి.

తర్వాత తాబేలు. మేం దాని వెనక వెళ్ళలేదు. గైడు చెప్పినట్టు చేతులు కట్టుకుని కదలకుండా తేలాం, అదే మా వైపు వచ్చింది. రాతి మీది నాచును కొరుక్కుంటోంది, కొరికినప్పుడు చిన్న టక్కు శబ్దం నీళ్ళలో వినిపిస్తోంది. వీపు మీద నాచు, మెడ దగ్గర ముడతలు, ముడతల మధ్య ఇసుక. మేత ఆపి నాన్న పక్కనుంచే పైకి లేచింది, ఒక్క శ్వాస తీసుకుంది, ముసలివాళ్ళు కుర్చీలోంచి లేచేటప్పుడు వదిలే నిట్టూర్పులాంటి చప్పుడు. మళ్ళీ కిందికి.

విశాఖ తీరానికి ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్ళని నాన్న ఎన్నో చూశారు. పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూశారు. బతికున్న పెద్ద తాబేలు ఈదడం మాత్రం ఇదే మొదటిసారి. పడవలోకి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. వేడి కోకో చేతికిస్తే "అంత బరువుది, ఎగురుతున్నట్టుంది" అన్నారు.

ముప్పై నిమిషాలకు మించి ఆయన్ని నీళ్ళలో ఉంచలేదు. పడవ ఎక్కగానే పైసూటు విప్పించి, పొడి ఉన్ని టోపీ, గాలి చొరని జాకెట్ వేశాను. నిజమైన చలి నీళ్ళలో కాదు, తడి ఒంటితో తిరుగు పడవలో ఉంటుంది. మా గుంపులో జాకెట్ తెచ్చుకోనివాళ్ళు రెండో చోట దిగలేకపోయారు.

ఆగస్టు 14

నీళ్ళకు సెలవు. ముందే అలా వేసుకున్నాం, వరసగా మూడు రోజులు దిగితే అలసట ఎముకల్లోకి దిగుతుంది. సైకిళ్ళ మీద కన్నీళ్ళ గోడ దాకా వెళ్ళాం. 1946 నుంచి 1959 దాకా ఇక్కడ ఖైదీల శిబిరం ఉండేది. ఏ పనికీ రాని ఆ గోడను వాళ్ళచేత రాయి మీద రాయి పెట్టించి కట్టించారు. చాలామంది చచ్చిపోయారు. నాన్న చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డారు. తిరుగుదారిలో దారి మధ్య పెద్ద తాబేలు ఒకటి పసుపు పండు తింటోంది, గడ్డం నిండా రసం.

మధ్యాహ్నం 7 డాలర్ల భోజనం: అరటికాయ సూప్, కొబ్బరిపాలలో ఉడికించిన చేప, అన్నం, పళ్ళరసం. ఆ చేపకూర కోనసీమలో ఎవరైనా వండి పెట్టారంటే నమ్మేస్తాను.

ఆగస్టు 15, తింతోరేరాస్

పొద్దున్నే నాన్న బ్యాగులోంచి చిన్న జెండా బ్యాడ్జీ తీసి లైఫ్ జాకెట్‌కి పెట్టుకున్నారు. స్వాతంత్ర్య దినం నాడు పెంగ్విన్ చూశాం.

భూమధ్యరేఖకు ఉత్తరాన కూడా నివసించే పెంగ్విన్ ఇదొక్కటే, ఇసబెలా ఉత్తరపు కొన ఆ రేఖను దాటుతుంది. మోకాలి ఎత్తు కూడా ఉండదు. రాతి మీద మూడు నిలబడి ఉన్నాయి. మేం నీళ్ళలో తేలుతుండగా ఒకటి దూకింది. రాతి మీద తడబడుతూ నడిచినది నీళ్ళలోకి రాగానే బుల్లెట్‌లా మారింది. ఈకల్లోంచి సన్నటి గాలిబుడగల గీత దాని వెనకే. చేపపిల్లల గుంపు చుట్టూ తిరిగి, గుంపును ముద్దలా చేసి, మధ్యలోకి దూసుకుపోయింది. మా అబ్బాయి మాస్క్‌కి చెయ్యి దూరంలోంచి వెళ్ళింది. వాడు నీళ్ళలోనే "తాతయ్యా!" అని అరిచాడు, స్నార్కెల్ గొట్టంలోంచి ఆ అరుపు బాతు కూతలా వచ్చింది.

నీళ్ళు 19 డిగ్రీలే. ఏప్రిల్‌లో రమ్మన్నవాళ్ళ మాట విని ఉంటే ఈ పెంగ్విన్లు ఇంత దగ్గర్లో మాకు కనిపించేవో లేదో.

ఆగస్టు 17, కిక్కర్ రాక్

రెండు పడవలు మారి శాన్ క్రిస్టోబల్ చేరాం. చార్లెస్ డార్విన్ 1835 సెప్టెంబరులో మొదట అడుగుపెట్టిన దీవి ఇదే. ఈ ఊళ్ళో సీ లయన్లు బెంచీల మీద, మెట్ల మీద, ఆగి ఉన్న పడవల్లో నిద్రపోతుంటాయి. రాత్రంతా గొర్రెల మందలా అరుస్తాయి, వాసన కూడా గట్టిగానే ఉంటుంది. రెండో రోజుకు అలవాటైపోతుంది.

కిక్కర్ రాక్ అంటే సముద్రంలోంచి నిలువుగా లేచిన, 500 అడుగులకు దగ్గరగా ఉండే రెండు ముక్కల కొండ. ఆ రెండు ముక్కల మధ్య సందులోంచి ఈదాలి. కింద అడుగు కనిపించదు, నీలం నల్లబడుతూ పోతుంది. ఇక్కడికి నాన్న రాలేదు. అలలు, లోతు, ప్రవాహం ఆయనకు వద్దని నేనే ముందు నిర్ణయించాను, ఆయనా ఒప్పుకున్నారు. ఈత గట్టిగా రానివాళ్ళు ఇక్కడికి మొహమాటానికి పోవద్దు. సుత్తితల సొరలు కనిపించలేదు. గలాపగోస్ సొరలు రెండు, మచ్చల రే చేపలు మూడు కిందినుంచి రెక్కలు ఆడిస్తూ వెళ్ళాయి. సందులో గోడలకు ఎర్రటి, నారింజ రంగు జీవులు అంగుళం ఖాళీ లేకుండా అతుక్కుని ఉన్నాయి. నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసింది ఆ గోడనే.

ఆగస్టు 18, తిహెరేతాస్

చివరి రోజు నాన్నది. ఊరి చివర కొండ ఎక్కి, అవతల మెట్లు దిగితే చిన్న అఖాతం. టికెట్ లేదు, గైడు అక్కర్లేదు. ఏడింటికల్లా వెళ్ళాం. నీళ్ళలో మేమే.

పది నిమిషాలకు ఒక సీ లయన్ పిల్ల వచ్చింది. నాన్న చుట్టూ ఒకసారి తిరిగింది. ఆయన కదల్లేదు, చేతులు గుండెల మీద పెట్టుకుని బోర్లా తేలుతున్నారు. అది తలకిందులుగా కిందినుంచి వచ్చి, ఆయన మాస్క్‌కి ఎదురుగా ఆగి, ముక్కులోంచి బుడగలు వదిలింది. కళ్ళు పెద్దవి, నల్లగా, తడిగా. మీసాలు గాజు తీగల్లా నిలబడి ఉన్నాయి. నాన్న కూడా బుడగలు వదిలారు. అది గిర్రున తిరిగి వెళ్ళి, ఒక నాచుముక్క నోట పట్టుకుని వచ్చి, ఆయన ముందు వదిలి, మునిగేలోపే మళ్ళీ పట్టుకుంది. అలా ఆరేడుసార్లు. నేను దూరంగా తేలుతూ, గడియారం చూడటం మర్చిపోయాను. నలభై నిమిషాలు దాటింది. ఆయనకు చలి వేయలేదు, లేదా వేసినా చెప్పలేదు.

పైకి వచ్చి ఊళ్ళోకి నడిచాం. సముద్రం ఒడ్డున బెంచీ మీద వెట్‌సూట్లు ఆరబెట్టి, ఎదురుగా కాఫీ తాగడానికి కూర్చున్నాం. తిరిగి చూసేసరికి పెద్ద సీ లయన్ ఒకటి బెంచీ ఎక్కి, నాన్న సూటు మీద పడుకుని నిద్రపోతోంది. నేను లేవబోతే కొట్టు ఆవిడ వద్దని చెయ్యూపింది. ఇక్కడ ఎవరూ వాటిని లేపరు. నాన్నకు లోపల్నుంచి మెత్త ఉన్న కుర్చీ తెచ్చి వేసింది, అరటికాయతో చేసిన వేడి బోలోన్ ఉండలు రెండు పెట్టింది, డబ్బు తీసుకోలేదు. మాకు మాట రాదు, ఆవిడకు మా మాట రాదు. నాన్న ఫోన్‌లో భీమిలి బీచ్ ఫోటోలు చూపించారు, ఆవిడ తన మనవల ఫోటోలు చూపించింది.

గంటన్నరకు అది లేచి, దబ్బుమని దిగి, ఇసుక మీదుగా వెళ్ళిపోయింది. సూటు నిండా చేపల కంపు. హోటల్లో ఒకసారి, ఇంటికొచ్చాక రెండుసార్లు కడిగాను, ఇంకా పోలేదు. నిన్న సాయంత్రం మళ్ళీ కడుగుదామని గరాజ్‌లోకి వెళ్తే అది తాడు మీద లేదు. నాన్న తీసి, మడతపెట్టి, విశాఖ వెళ్ళే తన పెట్టెలో అడుగున పెట్టేసుకున్నారు.